పన్నెండు చెంబులు, పుల్ల ఎరుపు

మొదటి రోజు, బహుళ నవమి

తోడింది పన్నెండు చెంబులు. పుల్ల ఎరుపు.

తడి తనిఖీ ఆఫీసు వాళ్ళు ఈ పుస్తకం ఇచ్చి ఇలాగే రాయమన్నారు. పడవ అడుగున చేరిన నీళ్ళు పొద్దున్నే ఎన్ని చెంబులు తోడానో ఒక గడిలో, ఆ నీళ్ళలో ఉప్పు పుల్ల ముంచితే ఏ రంగు తిరిగిందో రెండో గడిలో. ఉప్పు కాస్త తగిలినా పుల్ల ఎర్రబడుతుంది, మంచినీళ్ళయితే నీలం. మూడోది ‘విశేషాలు’ అని అగ్గిపెట్టంత గడి. నా విశేషాలు అందులో పట్టవు కనుక వెనక పేజీల్లో రాస్తున్నాను. ఓపిక ఉంటే ఏసుదాసు గారు చదువుకోవచ్చు.

ఏసుదాసు గారు, సముద్రం ఊరిని ముంచాక మిగిలిన మా టవర్లకి తనిఖీదారు. నిన్న వచ్చి, బుల్లెమ్మ అడుగున మూడు నెలలుగా చేరుతున్న నీళ్ళు చూసి, పడవ ముక్కు మీద సుద్దతో సున్నా చుట్టి వెళ్ళారు. పదిహేను రోజులు గడువు. ఆ లోపు చిల్లు కనిపెట్టి మూస్తే సున్నా చెరిపేస్తారు. మూయలేకపోతే సున్నాలో రంపం బొమ్మ గీస్తారు. రంపం పడిన పడవను మునిగిన ఫ్లైఓవర్ వాలు మీదికి లాగి ముక్కలుగా కోసేస్తారు. నీళ్ళు కారే పడవ మనుషుల్ని ముంచుతుందట. నిజమే, కాదనను. కానీ బుల్లెమ్మ ఇంతవరకు ఒక్క మనిషిని కూడా తడపలేదు.

బుల్లెమ్మ మా తెరచాప పడవ. మా మావ గవరయ్య మడ మొక్కలను అచ్చుకి కట్టి, పందిరికి పాదు పాకించినట్టు ఐదేళ్ళు పెంచి, పన్నెండేళ్ళ కింద నీళ్ళలోకి దింపాడు. ప్రాణం ఉన్న చెక్క. రోజూ గంజి పోయాలి. వెనకవైపు మొలిచే చిగుళ్ళు గిల్లాలి, లేకపోతే కట్టేసిన చోటే వేళ్ళు దింపేస్తుంది. బయట ఒంటికి తెల్లటి పెచ్చు కడుతుంది, దాన్ని వారానికోసారి కొబ్బరి పీచుతో గీకాలి. నా మొగుడికి కూడా నేనింత చాకిరీ చెయ్యలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఉంటే ఈ మాటకి నవ్వేవాడు.

దీని మీదే మా ఇద్దరి బతుకు. పగలు రోగులను ఆస్పత్రి టవరుకి దాటిస్తాం, పొద్దుగూకితే ఇందులోనే పడుకుంటాం. ఇది పోతే మూడో టవరు తొమ్మిదో అంతస్తు హాల్లో నలభై మంది మధ్య రెండు చాపలు ఇస్తారు. కదలని నేల మీద మావకి నిద్ర పట్టదు. అక్కడికి వెళ్తే ఆయన ఏడాది బతకడు. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తం.

ఇంకోటి రాయాలి. ఆ పన్నెండులో ఒక చెంబు నేను పోసిందే. ఎదురు చెంబు. పొద్దున లేవగానే సముద్రంలో ఒక చెంబు ముంచి పడవ అడుగున పోసి, “నీ వాటా నీకు ముట్టింది తల్లీ, ఇంక పెద్ద నోరు తెరవకు” అని గంగమ్మకి చెప్పుకోవాలి. అది పడకుండా ఈ తీరంలో ఎవరూ పడవలో చెయ్యి పెట్టరు. తోడటమైనా, పుల్ల ముంచటమైనా ఆ తర్వాతే. ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టని ఏసుదాసు గారు కూడా “ఎదురు చెంబు పడిందామ్మా?” అని అడిగాకే కాలు పెట్టారు. లోపల నీళ్ళున్నాయని తప్పు పట్టడానికి వచ్చి, ముందు లోపల నీళ్ళు పొయ్యమనడం ఆయనకే చెల్లింది.

రెండో రోజు

తోడింది పన్నెండు. పుల్ల ఎరుపు.

అడుగంతా పాత చీరతో పొడిగా తుడిచి, ముగ్గుపిండి జల్లాను. చిల్లున్న చోట ముందు తడి గీత కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని పోతే దొంగ దొరుకుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు గంటలు కన్నార్పకుండా చూశాను. గీతా లేదు, చుక్కా లేదు. ముగ్గంతా ఒక్కసారిగా, ముక్కు నుంచి చుక్కాని దాకా, ఇడ్లీపిండిలా మెత్తబడింది.

మావ తెరచాప నీడలోంచి అడిగాడు. “ఏమే నూకరత్నం, దొరికిందా?”

“దొరికింది మావా. పడవంతా చిల్లే.”

“పడవంతా సిల్లయితే ఈపాటికి మునగాలి కదే. అంటే సిల్లు లేనట్టే.”

ఇలాంటి లెక్కలు ఆయనకి బాగా వచ్చు. ఏసుదాసు గారికి చెప్పమన్నాను.

నాలుగో రోజు

తోడింది పన్నెండు. పుల్ల ఎరుపు.

నీళ్ళు వచ్చే దారిలో పొగ బయటికి పోతుందని పక్క పడవవాళ్ళ సలహా. పడవ మీద తెరచాప కప్పి, లోపల సాంబ్రాణి వేసి నేను కూర్చున్నాను. మావ తెప్ప మీద చుట్టూ తిరిగి, పొగ ఎక్కడ లేస్తుందో చూడాలి. ఎక్కడా లేవలేదు. ఉన్న పొగంతా నా కళ్ళలోకే వచ్చింది. కప్పు తీసేసరికి ఏదో పూజ జరుగుతోందనుకుని టవరు మెట్ల మీద ఆరుగురు దొన్నెలు పట్టుకుని నిలబడ్డారు. ప్రసాదం లేదంటే నా మీదే విసుక్కున్నారు.

ఐదో రోజు

తోడింది పదమూడు. పుల్ల ఎరుపు, నా చేతులు నీలం.

పడవ చుట్టూ గుడ్డ కట్టి, గుడ్డకీ చెక్కకీ మధ్య బట్టల నీలిమందు కలిపి పోశాను. బయట నీలం లోపలికి ఎక్కడ వస్తే అదే చిల్లు. పొద్దు తిరిగేదాకా చూశాను. లోపల నీళ్ళు చేరుతూనే ఉన్నాయి, తేటగా, కొబ్బరినీళ్ళలా. నీలం మాత్రం ఒక్క బొట్టు రాలేదు. మరి ఈ నీళ్ళు ఏ దారిన వస్తున్నట్టు? ఆకాశం నుంచి ఊడిపడుతున్నాయా? నీలిమందు మొత్తం నా మోచేతుల దాకా పట్టింది, ఎంత తోమినా పోలేదు. ఇవాళ దాటించిన ముసలాయన నా చేతులు చూసి, నాదే పెద్ద జబ్బనుకుని, ముందు నన్ను డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు.

ఆరో రోజు

తోడింది పదమూడు. పుల్ల ఎరుపు.

నీళ్ళ వరసకి వెళ్ళాను. మనిషికి రోజుకి రెండు చెంబుల మంచినీళ్ళు. వాటి కోసం మూడో టవరు కింది మెట్ల దగ్గర రెండు గంటలు కూర్చోవాలి. కూర్చోవడానికి బల్లలు వేశారు. కోసేసిన పడవల చెక్కలతోనే చేశారు వాటిని. ఎవరి పడవ ఏ బల్లయిందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మూడో బల్ల చివర వరహాలు వదిన కూర్చుంది. నా మొగుడి అక్క. ఎంత రద్దీ ఉన్నా అక్కడే కూర్చుంటుంది. అది ఆమె పడవ చిట్టి, చుక్కాని పక్క చెక్క. చిట్టిని కూడా మావే పెంచాడు. రెండేళ్ళ కింద, దానికి పదకొండో ఏడు నడుస్తుండగా రంపం పడింది. ఆ రోజు నుంచి వదిన తొమ్మిదో అంతస్తులో ఉంటోంది. మళ్ళీ పడవలో కాలు పెట్టనని ఒట్టేసుకుంది. ఆ ఒట్టు వల్ల, కింద కట్టేసిన మా పడవ దాకా వచ్చి తండ్రిని మెట్ల మీంచే పలకరించి పోతుంది.

“ముగ్గు సల్లావా?” అంది.

“చల్లాను వదినా.”

“సాంబ్రాణేసేవా? నీలిమందు పోసేవా? అయ్యన్నీ నేనూ సేసేను. పదేళ్ళు దాటితే మడపడవ కారుద్ది. కారితే కోత్తారు. మూడు నెలలు తోడి తోడి నా నడుం పడిపోయింది, ఆఖరికి ఏమైంది? ఇదిగో, దీని మీద కూసున్నాను.”

ఆమెకి నా మీద కోపం లేదు. అయినా ఆ మాటలు నాకు ముల్లులా గుచ్చుకున్నాయి. మావ వాటా, నా వాటా నీళ్ళు పట్టుకుని వచ్చేశాను. పోయిన నెల జ్వరంలో మావ ఇంకొక్క గుక్క అడిగితే ఇవ్వలేకపోయిన సంగతి దారంతా గుర్తొస్తూనే ఉంది.

ఏడో రోజు, అమావాస్య

తోడింది పద్నాలుగు. పుల్ల ఎరుపు.

అమావాస్య పోటు పెద్దది కనుక బుల్లెమ్మను ఫ్లైఓవర్ వాలు మీదికి తేల్చుకుంటూ వెళ్ళి, పది మందిని బతిమాలి తాళ్ళతో పైకి లాగించాను. లోపల సముద్రపు నీళ్ళు నడుం లోతు పోయించాను. చిల్లుంటే ఇప్పుడు లోపలి నీళ్ళు బయటికి కారాలి కదా. కింద పడుకుని అంగుళం అంగుళం వేళ్ళతో తడిమాను. ఎండిపోయిన తెల్లటి పెచ్చు నా మొహం మీద రాలింది, నీళ్ళ చుక్క ఒక్కటి కూడా రాలలేదు. నాలుగు అడుగుల అవతల పెద్ద రంపం తాటాకు కప్పుకుని పడుకుని ఉంది. దాని వైపు చూడకుండా పని చేసుకోవడానికి చాలా కష్టపడ్డాను.

తొమ్మిదో రోజు

తోడింది ఏమీ లేదు. పుల్లకి సెలవు.

పోసిన నీళ్ళు తోడేశాక రెండు రోజులుగా గట్టు మీద లోపలంతా పొడి. కొబ్బరి చిప్పలా ఆరింది. గట్టున పొడిగా ఉండటానికి పడవెందుకు, పీట చాలు. అయినా ఆశ పుట్టింది. సాయంత్రం పోటుకి మళ్ళీ నీళ్ళలోకి దింపాం.

పదో రోజు

తోడింది పద్నాలుగు. పుల్ల ఎరుపు.

ఇక్కడ రాయదగ్గ మాట నా నోట ఒక్కటీ రాలేదు.

పదకొండో రోజు

తోడింది పన్నెండు. పుల్ల ఎరుపు.

కనిపించని దొంగకి ఇల్లంతా తాళం వేయడమే దారి. గుగ్గిలం నూనెలో కాచి లోపలి చెక్కంతా పూశాను, కొమ్మా కొమ్మా అతుక్కున్న ప్రతి సందులో పీచు కూరాను. మావ చూస్తూ చూస్తూ లేచి వచ్చి నా చేతిలో కుంచె లాక్కున్నాడు. పదిహేనేళ్ళలో ఆయన నా చేతిలోంచి ఏదీ లాక్కోలేదు.

“సెట్టే అది! ఊపిరాడద్దా దానికి? మొకానికి గుగ్గిలం పూత్తే నువ్వు బతుకుతావా?”

“రంపం కింద పెడితే అది బతుకుతుందా మావా?”

ఆయన కుంచె తిరిగి ఇచ్చేసి అటు తిరిగి పడుకున్నాడు. గంజి కూడా తాగలేదు. ఆయన వాటా గంజి కూడా బుల్లెమ్మకే పోశాను.

పన్నెండో రోజు

తోడింది తొమ్మిది. పుల్ల ఎరుపు. తగ్గిందని ఎగిరి గంతేశాను. మధ్యాహ్నానికి గుగ్గిలం పెచ్చులు పెచ్చులుగా లేచి, సాయంత్రానికి నీళ్ళ మీద అప్పడాల్లా తేలింది. గంతు వెనక్కి తీసుకున్నాను.

పదమూడో రోజు

ఈ రోజు గడులు తర్వాత నింపుతాను. జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున లేచాను. ఒళ్ళంతా నొప్పులు, చేతులు ఇంకా నీలం. చెంబు సముద్రంలో ముంచి పైకెత్తాను. “నీ వాటా నీకు ముట్టింది తల్లీ” అనబోతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ వాటా? మూడు నెలలుగా నా పడవలోకి దొంగదారిన దూరుతున్నది ఎవరు? ఈవిడే కదా. మళ్ళీ నా చేత్తో పిలిచి ఇంకో చెంబు పొయ్యాలా?

“పొయ్యను” అన్నాను. చెంబు సముద్రంలోకే విసిరికొట్టినట్టు ఒంపేశాను. “ఇన్నాళ్ళూ పోశాను, ఏం కట్టబెట్టావు? ఇవాళ నీకు లేదు, పో.”

మావ లేచి కూర్చుని చెంపలేసుకున్నాడు. “తప్పే, తప్పు! ఎదురు సెంబు మానేత్తావేంటే? మా తాతల కాలం నుంచి ఒక్క పొద్దు మానలేదు.”

“మీ తాతల పడవలు కారలేదు కదా మావా.”

కోపంలోనే అడుగు నీళ్ళు తోడాను. పదకొండు చెంబులు. ఆఖరి చెంబులో పుల్ల ముంచాను.

పుల్ల నీలం.

నా చేతుల రంగు అంటుకుందనుకున్నాను. చేతులు తుడుచుకుని కొత్త పుల్ల ముంచాను. నీలం. పుల్లలే పాడయ్యాయేమోనని ఒకటి సముద్రంలో ముంచాను. ఎరుపు. మళ్ళీ చెంబులో ఇంకొకటి. నీలం.

పడవ అడుగు నీళ్ళు ఎవరైనా నోట్లో పోసుకుంటారా? రోగుల కాళ్ళు, చేపల పొలుసులు, మా చెప్పులు, అన్నీ అందులోనే. ఇన్నాళ్ళూ నాకా ఆలోచనే రాలేదు. అడుగు చీరతో తుడిచేసి, చెక్క మీద కొత్తగా ఊరుతున్న తడిని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు. కాస్త ఆకు పసరు వాసన, అంతే. ఆస్పత్రి టవరులో డాక్టర్లు తాగే నీళ్ళు కూడా ఇంత బాగుండవు.

మావ కూడా వేలు అద్ది చప్పరించాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

“మడ సెట్టు ఉప్పులో నించుని మంచినీల్లు తాగుద్ది. ఉప్పుని ఏరు దగ్గరే ఆపేసి నీల్లే లోపలికి తీసుకుంటాది. ఇదీ ఆ సెట్టే కదే. వయసొచ్చింది దీనికి. తనకి సరిపోగా మిగిలింది మనకి పోత్తంది.”

నేను వారం వారం పీచుతో గీకి పారేస్తున్న తెల్లటి పెచ్చు ఉప్పేనన్నమాట. చిల్లు లేదు. ఎన్నడూ లేదు. నీళ్ళు ఊరుతున్నాయి. ఆ తియ్యటి నీళ్ళలో పొద్దున్నే ఒక చెంబు ఉప్పునీళ్ళు పోసి, పుల్ల ముంచి, ఎరుపు ఎరుపు అని రాసింది నేనే.

సంతోషం రావలసింది, రాలేదు. ముందు కోపం వచ్చింది, నా మీద. మూడు నెలలుగా రోజూ పదకొండు చెంబుల మంచినీళ్ళు తోడి సముద్రంలో పారబోసి, రెండేసి చెంబుల కోసం వరసలో కూర్చున్నాను. జ్వరంలో మావ గుక్కెడు నీళ్ళు అడిగిన రోజు కూడా పొద్దున పదకొండు చెంబులు పారబోసే ఉంటాను.

మావ ఇంకోటి అడిగాడు.

“సిట్టి కూడా ఇంతే కదే? వరాలుకి ఎవరు సెప్తారు?”

తోడింది పదకొండు. పుల్ల నీలం.

పద్నాలుగో రోజు

తోడింది పదకొండు. పుల్ల నీలం. ఎదురు చెంబు పోయలేదు.

వదినకి చెప్పడానికి వరస దగ్గరికి వెళ్ళాను. మూడో బల్ల చివర కూర్చుని ఉంది. ఇంకో నలుగురు దాటితే ఆమె వంతు. మెట్టు మీద కూర్చుని, గొంతు తగ్గించి, ఉన్నదున్నట్టు చెప్పాను. మొదట్లో నవ్వింది. ఎదురు చెంబు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

“ఉప్పు లేదా?”

“లేదు వదినా.”

“అసల్లేదా?”

“అసలు లేదు.”

కూర్చున్న బల్లని అరచేత్తో ఒకసారి నిమిరింది. తర్వాత బిందె కూడా తీసుకోకుండా లేచి మెట్లెక్కి వెళ్ళిపోయింది. రెండు గంటలు కాచుకున్న వంతు వదిలేసుకుంది. నేను ఆమె నీళ్ళు పట్టి పైకి తీసుకెళ్ళాను. చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది. కానీ రేపు ఎలాగూ టవరంతా తెలుస్తుంది, పరాయివాళ్ళ నోట వినడం కంటే ఇదే నయం.

పదిహేనో రోజు, శుద్ధ అష్టమి

తోడింది: తోడలేదు, తనిఖీ కోసం ఉంచాను. పుల్ల నీలం.

ఏసుదాసు గారు తొమ్మిది గంటలకి వచ్చారు. చంకలో పుస్తకం, చేతిలో సుద్ద. మెట్ల మీద ఆగి అడిగారు.

“ఎదురు చెంబు పడిందామ్మా?”

“లేదండీ. ఇక పొయ్యం.”

“అదేంటమ్మా! పొయ్యకుండా నన్నెలా ఎక్కమంటావు? మా ఆవిడకి తెలిస్తే గుమ్మం తొక్కనివ్వదు.”

“మీరు ఎక్కి పుల్ల ముంచండి, మీకే తెలుస్తుంది.”

“చెంబు పడకుండా కాలు పెట్టనమ్మా. చూడకుండా సున్నా చెరపను. ఎండ ముదురుతోంది, తొందరగా తేల్చుకో.”

చెంబు పోస్తే పుల్ల ఎర్రబడుతుంది. పొయ్యకపోతే ఈయన ఎక్కరు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పుల్లలన్నీ గుప్పెట్లో పట్టుకుని అరుస్తున్నాను. ఆయన ఎండలో గొడుగు తెరిచి, గడువు ఇవాళ్టితో సరి అంటూ సుద్ద వేళ్ళ మధ్య తిప్పుతున్నారు.

మెట్ల మీంచి వదిన దిగింది. ఏసుదాసు గారిని భుజంతో పక్కకి తోసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, బుల్లెమ్మలో కాలు పెట్టింది. రెండేళ్ళ ఒట్టు. మావ పక్కకి జరిగి చోటిచ్చాడు. వదిన అడుగు నీళ్ళు చెంబులోకి ముంచి, పుల్ల నా చేతిలోంచి లాక్కుని ఆయన కళ్ళ ముందే ముంచింది. నీలం. తర్వాత చెంబెత్తి సగం గటగటా తాగింది. మిగతా సగం ఆయన ముందుకు చాచింది.

“తాగండి.”

“అడుగు నీళ్ళు కదమ్మా...”

“తాగండాయ్. నా సిట్టిని కోసినప్పుడు నేనడిగేనా ఏమన్నా? ఇయ్యాల అడుగుతున్నాను. తాగండి.”

తాగారు. ఆ తర్వాత గొడుగు మూసి మెట్టు మీద కూర్చున్నారు. దీనికి ఎన్నేళ్ళని అడిగారు, పన్నెండన్నాను. తన పుస్తకం తెరిచి, పేజీలు వెనక్కి తిప్పుతూ, వేలితో ఒక్కొక్క వరసా తడుముతూ పోయారు. చాలాసేపటికి తలెత్తారు.

“నలభై మూడు పడవలు కోయించానమ్మా. పదేళ్ళు దాటినవే అన్నీ. అన్నింటికీ చెంబు పడ్డాకే పుల్ల ముంచాను.”

తిట్టాలనుకుని పద్నాలుగు రోజులుగా దాచుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. ఎందుకంటే ఆ నలభై మూడు పడవల్లోనూ ఆ చెంబు పోసింది మా వాళ్ళే. ఆయన లేచి, తన పైకండువాతో బుల్లెమ్మ ముక్కు మీది సున్నా తుడిచేశారు. నా పుస్తకం అడిగి తీసుకుని, ‘విశేషాలు’ గడిలో చిన్న అక్షరాలతో ఏదో రాసి ఇచ్చారు. ‘తాగాను’ అని రాశారు, కింద సంతకం.

వదిన ఇంకో చెంబు ముంచుకుంది. దాన్ని తాగలేదు. రెండు చేతులతో పట్టుకుని, చుక్క తొణక్కుండా మెట్లెక్కి నీళ్ళ వరస దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. మూడో బల్ల చివర కూర్చున్న ముసలమ్మని లేవమని సైగ చేసి, చెంబెడు నీళ్ళు ఆ ఎండిన చెక్క మీద నిదానంగా పోసింది.

కాపలా మనిషి కేకలేస్తూ పరిగెత్తుకొచ్చాడు. “ఏంటే ఆ పని? మంచినీల్లు పారబోత్తావేంటి? పిచ్చెక్కిందా?”

“పారబొయ్యట్లేదు” అంది వదిన. “దీని నీల్లు దీనికి ఇత్తన్నాను.”

వాడికి అర్థం కాలేదు. నేను చెప్పాను, వరసంతా వినేలా. విన్నవాళ్ళు ఒక్కొక్కరే బల్లల మీంచి లేచి నిలబడ్డారు.